రిక్షా వెనక బొమ్మ: ఢాకా నుంచి ఫుకుఓకా దాకా

రిక్షా అనే మాట మన ఇళ్లల్లో ఎంతగా కలిసిపోయిందంటే, అది ఉర్దూ మాటా తెలుగు మాటా అని ఎవరికీ అనుమానం కూడా రాదు. నిజానికి రెండూ కాదు. అది జపానీ మాట. 'జిన్' అంటే ఇన్సాన్, 'రికి' అంటే తాఖత్, 'షా' అంటే బండి. ఇన్సాన్ తాఖత్‌తో నడిచే బండి గనక జిన్‌రికిషా. 1870 ప్రాంతంలో టోక్యో వీధుల్లో ఈ బండ్లు మొదలయ్యాయి. ఆ శతాబ్దం ముగిసేలోపే సింగపూర్, షిమ్లా, కలకత్తా చేరాయి. దారిలో 'జిన్' రాలిపోయింది. మాటలోంచి మనిషి పోయాడు గానీ బండి లాగే పని మాత్రం మనిషికే మిగిలింది.

1930ల చివర, 1940ల్లో సైకిల్ రిక్షా ఢాకాకి వచ్చింది. పుట్టిన దేశంలో రిక్షాని బస్సులూ ట్యాక్సీలూ తరిమేశాయి. ఢాకాలో మాత్రం అది షెహర్ పహచాన్ అయిపోయింది. లక్షల రిక్షాలు, వాటిని తయారు చేసే మిస్త్రీలు, వాటికి రంగులు వేసే కారీగర్లు. సీటు కింద, వెనక చక్రాల మధ్య ఒక రేకు పలక ఉంటుంది. వెనక వచ్చేవాడి కళ్లు సరిగ్గా దాని మీదే పడతాయి. ఢాకా కారీగర్లకి ఆ రేకే కాన్వాసు. దాని మీద ఎనామిల్ పెయింటుతో తాజ్‌మహల్ వేశారు, బురాఖ్ వేశారు, నది ఒడ్డున పల్లె వేశారు, సినిమా హీరోహీరోయిన్లని వేశారు. 1971 తర్వాత స్వాతంత్ర్య యుద్ధాన్ని వేశారు.

బొమ్మ వేయించేది రిక్షా తొక్కేవాడు కాదు, రిక్షా మాలిక్. బండి అందంగా ఉంటే కిరాయి బాగా వస్తుందని ఆయన హిసాబ్. కారీగర్ ఒక నమూనా పెట్టుకుని ఒకేసారి పదుల రేకులు వేసి అమ్ముతాడు. వానకి తడిసి, ఎండకి మాడి, వెనక బండి తగిలి సొట్టలు పడి, ఏడాదో రెండేళ్లో గడిచేసరికి ఆ బొమ్మ చెత్తలోకి పోతుంది. దాని జాగాలో ఇంకోటి వస్తుంది. ఈ ఫన్‌లో జమానాకి నిలిచేది ఏదీ లేదు. అయినా చాలామంది కారీగర్లు బొమ్మ మూలన తమ పేరో, దుకాణం పేరో రాసుకునేవారు. ఈ సంతకం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇంకో సంగతి కూడా మన తారీఖ్‌లో రాసుకోదగింది. 1970ల్లో ఒక దశలో రిక్షాల మీద మనుషుల తస్వీర్లు వేయకూడదని అక్కడ ఆంక్ష వచ్చింది. కారీగర్లు బ్రష్ కింద పెట్టలేదు. మనుషులు చేసే పనులన్నీ జంతువులతో చేయించారు. నక్క ట్రాఫిక్ పోలీసై కూడలిలో నిలబడింది. ఆజ్ఞ తప్పలేదు, చెప్పదలచుకున్నదీ ఆగలేదు. ఆ బొమ్మ చూసి నవ్వుకున్న జనానికి నక్క ఎవరో విడమరిచి చెప్పే అవసరం లేకపోయింది.

ఈ రేకు బొమ్మలు రెండు పెద్ద ప్రయాణాలు చేశాయి. 1988లో లండన్ వెళ్లాయి. అక్కడ బ్రిటిష్ మ్యూజియానికి చెందిన 'మ్యూజియం ఆఫ్ మ్యాన్‌కైండ్'లో వాటితో నుమాయిష్ పెట్టారు. తర్వాత 1990ల్లో జపాన్‌లోని ఫుకుఓకా వెళ్లాయి. రెండు చోట్లా ఇజ్జత్ దొరికింది, కానీ రెండూ ఒకే రకం ఇజ్జత్ కాదు. లండన్‌లో వాటిని పెట్టింది మానవజాతుల రీతిరివాజులు చూపించే మ్యూజియంలో. అంటే, 'ఫలానా ఖౌమ్ ఇలా బతుకుతుంది చూడండి' అని చెప్పే చోట. ఫుకుఓకాలో పెట్టింది ఆర్ట్ మ్యూజియంలో. అక్కడ చెప్పే మాట వేరు. 'ఇది ఫన్, దీన్ని వేసినవాడు ఫన్‌కార్.' ఈ రెండు మాటల మధ్య ఎంత ఫాస్లా ఉందో చేతిపని చేసే ప్రతి ఖాందాన్‌కీ తెలుసు.

ఆ ఫన్ అన్న మాట మొదట అనడానికి టోక్యో కాకుండా ఫుకుఓకాయే ఎందుకు ముందుకొచ్చిందో అర్థం కావాలంటే ఆ ఊరి తారీఖ్ కొంచెం చూడాలి.

ఫుకుఓకా జపాన్‌కి నైరుతి మూలన, క్యూషూ ద్వీపం మీద ఉంది. సముద్రం దాటితే కొరియాలోని బూసాన్ సుమారు 200 కిలోమీటర్లు. టోక్యో ఎంత దూరమో చైనాలోని షాంఘై దాదాపు అంతే దూరం. అందుకే పాత రోజుల నుంచీ అక్కడి హకాటా రేవు బయటి దునియాకి దర్వాజా. ఏడో శతాబ్దం నుంచి పదకొండో శతాబ్దం దాకా చైనా, కొరియాల నుంచి వచ్చే రాయబారులకీ తాజిర్లకీ అక్కడ 'కొరోకాన్' అనే మెహమాన్‌ఖానా ఉండేది. 1987లో ఒక బేస్‌బాల్ మైదానం కింద దాని పునాదులు బయటపడ్డాయి. తవ్వకాల్లో చైనా, కొరియా పింగాణీతో పాటు ఇస్లామీ దునియా నుంచి వచ్చిన మట్టిపాత్రల ముక్కలు, పర్షియా గాజు ముక్కలు దొరికాయి. బస్రా, సీరాఫ్ రేవుల్లో ఓడలెక్కిన సరుకు అంత దూరం చేరిన జమానా అది. ఆ పాత్ర ఎవరు చేశారో, ఎన్ని చేతులు మారి అక్కడికి చేరిందో చెప్పేవాళ్లు లేరు. ముక్క మాత్రం మిగిలింది.

1274లో, 1281లో ఖుబిలాయ్ ఖాన్ నౌకాదళం దాడికి వచ్చింది కూడా ఈ తీరానికే. అంటే దర్వాజా తెరిచి ఉంచితే సరుకూ వస్తుంది, లష్కరూ వస్తుంది. 1889లో తాజిర్ల బస్తీ హకాటా, కోట చుట్టూ పెరిగిన ఫుకుఓకా కలిసి ఒకే మున్సిపాలిటీ అయ్యాయి. పేరు దగ్గర ఝగ్డా వచ్చింది. చివరికి ఊరికి ఫుకుఓకా అనీ, రైల్వే స్టేషన్‌కి హకాటా అనీ పేరు పెట్టి సమాధానపడ్డారు. ఆ రెండు పేర్లూ నేటికీ అలాగే ఉన్నాయి.

తర్వాత జపాన్ సామ్రాజ్యం వచ్చింది. ఇక్కడే ఏషియా అనే మాట చేదుగా మారింది. 1903లో ఒకాకురా కకుజో అనే జపాన్ విద్వాంసుడు ఏషియా అంతా ఒక్కటేనని కితాబు రాశాడు. అంతకుముందే ఆయన కలకత్తా వచ్చి టాగోర్ కుటుంబంతో దోస్తీ చేశాడు. ఆయన పంపిన జపాన్ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో కలకత్తాలో ఉన్నప్పుడు, రంగుని నీళ్లతో కడుగుతూ పొరలుగా వేసే పద్ధతిని అవనీంద్రనాథ్ టాగోర్ వాళ్ల నుంచి గ్రహించాడు. దాన్నుంచి బెంగాల్ శైలి రూపు కట్టింది. ఆ శైలిలో తయారైన ప్రమోద్ కుమార్ ఛటర్జీ మన బందరు వచ్చి ఆంధ్ర జాతీయ కళాశాలలో నేర్పాడు. అడివి బాపిరాజు ఆయన షాగిర్దే. అలా జపాన్ కుంచె పద్ధతి కలకత్తా మీదుగా కృష్ణా జిల్లాకి చేరింది.

ఆ మొదటి రోజుల మాట దోస్తీ మాట. కానీ 1930, 40ల్లో జపాన్ ఫౌజ్ అదే 'ఒకే ఏషియా' మాటని పట్టుకుని కొరియా, చైనా, బర్మా, మలయాల మీద జుల్మ్ చేసింది. 1945లో అంతా కూలిపోయింది. ఓడిన సామ్రాజ్యం నలుమూలల నుంచి సుమారు 13 లక్షల 90 వేల మంది జపానీయులు హకాటా రేవులోనే దిగారు. అదే రేవు నుంచి సుమారు 5 లక్షల మంది, ఎక్కువగా కొరియన్లు, తమ వతన్‌కి ఓడలెక్కారు. కాబట్టి ఫుకుఓకా వాళ్లకి ఏషియా అంటే కితాబులో మాట కాదు, రేవులో కళ్లారా చూసిన సంగతి. ఈ ఊరు తర్వాత ఏషియా గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడడానికి ఇదొక వజా అని నాకనిపిస్తుంది.

1979 నవంబర్‌లో ఆ ఊరి బల్దియా ఒక ఆర్ట్ మ్యూజియం తెరిచింది. కొత్త మ్యూజియం కట్టిన ఏ షెహర్ అయినా ఏం చేస్తుంది? పారిస్ నుంచి నాలుగు పెద్ద పేర్లు తెచ్చి రిబ్బన్ కట్ చేస్తుంది. ఫుకుఓకా కూడా యూరప్ బొమ్మలు కొన్నది. కానీ తెరిచిన వెంటనే నుమాయిష్‌కి ఎంచుకున్నది ఏషియా ఆర్ట్‌ని. మొదటి భాగంలో ఇండియా, చైనా, జపాన్ ఆధునిక చిత్రకళ. 1980లో రెండో భాగం, ఏషియా దేశాల్లో అప్పుడు బతికున్న కళాకారుల పనులు. ఆ తర్వాత 1985, 1989, 1994ల్లో మళ్లీ మళ్లీ. మొదట్లో ఆయా దేశాల సంస్థలు ఎంపిక చేసి పంపినవే పెట్టారు. మెల్లగా మ్యూజియం క్యూరేటర్లు తామే ఢాకా, జకార్తా, మనీలా గల్లీలు తిరగడం మొదలుపెట్టారు. ఆ తిరుగుడులోనే వాళ్లకి రిక్షా రేకులు కనిపించాయి.

ఇందులో ఫుకుఓకా ఒక్కటే ఉందని అనడం ఇన్సాఫ్ కాదు. ఢిల్లీలో లలితకళా అకాడమీ 1968లోనే ప్రపంచస్థాయి ట్రినాలే మొదలుపెట్టింది. ఢాకాలో శిల్పకళా అకాడమీ 1981 నుంచి ఏషియన్ ఆర్ట్ బినాలే నడుపుతోంది. కానీ అవి దేశాల ప్రభుత్వాలు పెట్టినవి. ఒక బల్దియా తన నల్లా బిల్లుల, ఇంటి పన్నుల మధ్య పక్క దేశాల ఆర్ట్‌కి జాగా తియ్యడం వేరే సంగతి.

1989లో ఊరు పుట్టి నూరేళ్లయిన సందర్భంగా ఏషియా-పసిఫిక్ ఎక్స్‌పో జరిపారు. మరుసటి ఏడాది నుంచి ఫుకుఓకా ప్రైజ్ మొదలైంది. 1996లో ఈ ఇనామ్ ఉస్తాద్ నుస్రత్ ఫతే అలీ ఖాన్‌కి దక్కింది. సరోద్ ఉస్తాద్ అమ్జద్ అలీ ఖాన్ 2004లో అందుకున్నారు. 2016లో ఏ.ఆర్.రహమాన్‌కి గ్రాండ్ ప్రైజ్, అదే ఏడాది పాకిస్తాన్ ఆర్కిటెక్ట్ యాస్మీన్ లారీకి ఆర్ట్ విభాగంలో ఇనామ్. 2021 గ్రాండ్ ప్రైజ్ మన తెలుగు మూలాలున్న జర్నలిస్ట్ పాలగుమ్మి సాయినాథ్‌ది. రైతుల బతుకు రాసిన సహాఫీకి జపాన్‌లోని ఒక బల్దియా సలాం కొట్టింది. 2022లో లాహోర్‌లో ముసవ్విరీ నేర్చుకున్న షాజియా సికందర్‌కి వచ్చింది. మొఘల్ జమానా సన్న కలం పనిని నేటి సవాళ్లు అడిగే భాషగా మార్చిన ఆర్టిస్ట్ ఆమె.

1999 మార్చిలో ఆ బల్దియా ఏషియా ఆర్ట్ కోసమే విడిగా ఇంకో మ్యూజియం తెరిచింది. దాని పేరు ఫుకుఓకా ఏషియన్ ఆర్ట్ మ్యూజియం. దాని జాగా చూడండి. పార్కులో పాలరాతి మహల్ కాదు. హకాటా రివరేన్ అనే బిల్డింగ్‌లో కింద దుకాణాలు, పైన 7, 8 అంతస్తుల్లో మ్యూజియం. సామాను కొనడానికి వచ్చిన అమ్మీజాన్ లిఫ్ట్ ఎక్కితే ఆర్ట్ ముందు నిలబడుతుంది. ఆర్టిస్టులని పిలిచి కొన్ని వారాలు ఊళ్లోనే ఉంచుతారు. వాళ్లు అక్కడి జనంతో, పిల్లలతో కలిసి పని చేస్తారు. 1999 నుంచి 2014 దాకా ఐదు సార్లు ట్రినాలే జరిపారు.

ఇక్కడి అసలు విశేషం ఏమిటంటే, ఏది ఆర్ట్ అనే సవాల్‌కి ఆ మ్యూజియం ఇచ్చిన జవాబ్. కాలేజీలో చదివి గ్యాలరీల్లో పెట్టే పెయింటింగ్‌లు ఒక్కటే కాదు, జానపద కళ, తెగల కళ, బజార్‌లో జనం కోసం తయారయ్యే బొమ్మలు, అన్నిటినీ ఒకే ఖజానాలో చేర్చుకుంది. రిక్షా రేకులకి ఆ ఖజానాలో శాశ్వత జాగా దొరికింది. రెండేళ్లలో చెత్తలో పడాల్సిన రేకు, బొమ్మ మూలన సంతకంతో సహా, ఒక షెహర్ అమానత్ అయ్యింది. జపాన్ నుంచి బండిగా వెళ్లిన రిక్షా వందేళ్లు దాటాక బొమ్మగా పుట్టింటికి వచ్చింది. ఢాకా రిక్షాలనీ, రిక్షా చిత్రకళనీ యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది 2023లో. ఫుకుఓకా ఆ మాట పాతికేళ్ల ముందే అన్నది.

అలాగని ఆ మ్యూజియానికి ఐబ్ లేదని కాదు. దాని ఏషియా నక్షాకి పడమటి హద్దు పాకిస్తాన్. ఇరాన్, ఇరాక్, తుర్కీ, అరబ్ దేశాలు అందులో లేవు. కొరోకాన్ మట్టిలో పర్షియా గాజు దొరికిన ఊళ్లోనే ఇలా జరిగింది. ఎక్కడో ఒక చోట గీత గియ్యాలి, నిజమే. కానీ మన ఇళ్లల్లో ఏషియా అనగానే ముందు మెదిలేది మక్కా, మదీనా, బగ్దాద్. ఎవరి నక్షా వాళ్లకి ఉంటుంది. ఇంకో ఐబ్ కూడా చెప్పాలి. గోడకెక్కిన రేకు పక్కన దాన్ని ఏళ్ల తరబడి తొక్కిన మనిషి చెమట కనిపించదు. మాటలోంచి పోయిన 'జిన్' మ్యూజియంలో కూడా పూర్తిగా తిరిగి రాలేదు.

అయినా ఫుకుఓకా చేసిన పని ఎంత పెద్దదో తెలియాలంటే దాని పక్కన ఇంకో ప్రయాణాన్ని పెట్టి చూడాలి. కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం పెద్ద రేవు. అక్కడా, కోరమండల్ తీరం పొడవునా తయారైన రంగుల అద్దకం బట్టని డచ్చి కంపెనీ ఓడలు జపాన్ దాకా తీసుకెళ్లేవి. అవి దిగే నాగసాకి రేవు కూడా ఫుకుఓకా ఉన్న క్యూషూ ద్వీపం మీదే ఉంది. జపానీయులు ఆ బట్టని 'సరస' అన్నారు. అక్కడి చాయ్ ఉస్తాదులు దాని చిన్న ముక్కని కూడా పారెయ్యకుండా, తమ కీమతీ పాత్రలకి గిలాఫ్‌లుగా కుట్టించుకునేవారు. ఆ ముక్కలు నేటికీ జపాన్ మ్యూజియాల్లో ఉన్నాయి. కలంకారీ అనే మాటే ఫార్సీ. ఆ కలం పట్టిన చేతులు మన తీరానివి. ఆ చేతుల్లో ఒక్కదాని పేరయినా మనకి తెలుసా? సరుకు ప్రయాణం చేసింది, చేసినవాడి నామ్ గట్టు మీదే ఉండిపోయింది. ఢాకా కారీగర్ రేకు మూలన పెట్టిన సంతకం విలువ ఇక్కడ తెలుస్తుంది.

ఈ లెక్క మన దగ్గర ఇప్పటికీ సరిపడలేదు. నేను సహాఫత్‌లోకి వచ్చిన రోజుల్లో ఉర్దూ అఖ్బార్‌లు చేత్తో రాసే కాతిబ్‌లు ఇంకా ఉండేవారు. కంప్యూటర్ వచ్చింది, ఇన్‌పేజ్ వచ్చింది, నస్తాలీఖ్ కీబోర్డులోకి పోయింది. రెల్లు కలాన్ని చెక్కుకుని, సిరాలో ముంచి, ఒక్క దిద్దుబాటు లేకుండా పేజీ నింపిన ఆ బుజుర్గులు ఎటు పోయారో ఎవరూ అడగలేదు. చెన్నైలో 1927లో మొదలైన 'ముసల్మాన్' పత్రిక చేతిరాతని పట్టుకుని నిలబడితే దాన్ని అజూబాగా చూశాం. దుకాణాల మీద మూడు భాషల్లో బోర్డులు రాసిన పెయింటర్లని ఫ్లెక్సీ మింగేసింది. తెలుగు 'క' తలకట్టునీ, ఉర్దూ 'కాఫ్' గీతనీ ఒకే బ్రష్‌తో ఒకే పలక మీద తిప్పిన హునర్ అది. దానికి మన ఏ బల్దియా అయినా ఒక గది ఇచ్చిందా?

మఖ్బూల్ ఫిదా హుస్సేన్ బంబాయిలో సినిమా హోర్డింగులు వేసి బతికినవాడే. ఆయన నిచ్చెన దిగి గ్యాలరీలోకి నడిచాక దునియా ఆయన్ని ఫన్‌కార్ అన్నది. నిచ్చెన మీదే ఉండిపోయిన మిగతావాళ్లు పెయింటర్ సాబ్‌లుగానే పోయారు. ఇద్దరి మధ్య ఫరఖ్ హునర్‌లో ఎంత, గోడలో ఎంత?

ఫుకుఓకా తారీఖ్‌లో మనకి పనికొచ్చే సబక్ ఇదీ. అది రాజధాని కాదు. దాని దగ్గర బాద్షాహీ ఖజానా లేదు. తన రేవుకి ఎవరెవరు వచ్చారో గుర్తుంచుకున్న ఒక షెహర్, ఆ గుర్తుని బల్దియా పనిగా మార్చుకుంది. హైదరాబాద్, కర్నూలు, గుంటూరు, బందరు, ఏ ఊరికైనా ఇలాంటి యాద్ ఉంది. దాన్ని బల్దియా ఎప్పుడు పట్టించుకుంటుందో గానీ, ఇళ్లల్లో చెయ్యగలిగింది కొంత ఉంది. మీ ఖాందాన్‌లో కాతిబ్‌లు, బోర్డు పెయింటర్లు, బిద్రీ పనివాళ్లు, జర్దోజీ పనివాళ్లు, అద్దకం పనివాళ్లు, తాజియాలు కట్టినవాళ్లు ఉంటే, వాళ్లు చేసిన ఒక్క నమూనా అయినా దాచండి. వెనక వాళ్ల పూర్తి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ సంవత్సరంలో చేశారో రాసి పెట్టండి. బతికున్న బుజుర్గులుంటే ఈ వారమే కూర్చుని అడగండి. రేపు ఎవరైనా గోడ కట్టిననాడు, దాని మీద పెట్టడానికి పేరున్న పని మన దగ్గర ఉండాలి.